పలుకని రాముడు – పాట ఆగని గోపన్న

పాట రాక తపించే వాగ్గేయకారుడు హాస్యరూపకానికి మంచి ముడిసరుకు. గడువు దగ్గరపడుతుంది. పాట చేయించుకొనే ప్రభువు వాకిట కూర్చొని ఉంటాడు. తంబుర శ్రుతి చేసి ఉంటుంది. పల్లవి మాత్రం పెదవి దాటదు. ఆయన లేస్తాడు, కూర్చుంటాడు, ఆకులో సున్నం ఎక్కువైందని ఇల్లాలిని కసురుకొంటాడు, పక్కింటి రోకటిపోటు వల్లనే తాళం చెడిందని గొణుక్కుంటాడు. రంగస్థలం మీద ఇంతకు మించి ఏమీ జరగనక్కరలేదు, ప్రేక్షకులు నవ్వుతారు. అవసరమైన వేళకు నోట మాట రాకపోవడం ఎవరికి అనుభవం కాదు? పరీక్ష గదిలో కూర్చున్న విద్యార్థికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

వాగ్గేయకారుని విషయంలో ఈ చిక్కు రెండింతలు. వాక్కును, గేయాన్ని రెండింటినీ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. సంగీతశాస్త్రం మాటను ‘మాతువు’ అనీ, స్వరరచనను ‘ధాతువు’ అనీ వ్యవహరించింది. ఈ రెండింటిలో ఏది మొరాయించినా పాట నిలిచిపోతుంది. ఐరోపాలో ఈ చిక్కునే కథావస్తువుగా చేసుకొన్న ఒక హాస్య సంగీతరూపకం ఉంది. 1786 ఫిబ్రవరి 7న వియన్నాలోని షోన్‌బ్రున్ రాజప్రాసాదంలో ప్రదర్శించిన ఆ ఏకాంకికకు కాస్తి మాటలు వ్రాయగా, సలియేరి స్వరాలు కూర్చాడు. ‘ముందు సంగీతం, తరువాత మాటలు’ అని దాని పేరుకు అర్థం. నాలుగు రోజులలో కొత్త రూపకం సిద్ధం కావాలని ఒక ప్రభువు ఆజ్ఞాపిస్తాడు. సంగీతకర్త దగ్గర పాత స్వరాలు సిద్ధంగా ఉంటాయి. కవి వాటికి తగిన మాటలు వెదుక్కోవాలి. స్వరానికి మాట లొంగాలా, మాటకు స్వరం లొంగాలా అని ఇద్దరూ తగవులాడుకొంటారు. ఆ తగవే నాటకం.

ఇటలీలో దీనికంటే గట్టి కథ ఒకటి ప్రచారంలో ఉంది. 1817లో మిలాను నగరంలో రోస్సీని రచించిన ఒక సంగీతరూపకం ప్రదర్శనకు సిద్ధమయింది, కాని దాని ఆరంభసంగీతం ఇంకా పుట్టలేదు. నాటకశాల నిర్వాహకుడు ఆయనను మేడ మీది గదిలో బంధించి, నలుగురు పనివారిని కాపలా పెట్టాడట. వ్రాసిన కాగితాన్ని వ్రాసినట్లే కిటికీలో నుంచి కింద ఉన్న లేఖకులకు విసరాలి. కాగితాలు రాకపోతే స్వరకర్తనే విసరాలి! రోస్సీని పేరుతో చెలామణి అవుతున్న లేఖలో ఉన్న ముచ్చట ఇది. ఇందులో నిజం ఎంత అన్న ప్రశ్న అటుంచితే, బందిఖానా పాటను పుట్టించగలదన్న ఊహ ఇందులో ఉంది. తెలుగువారికి ఆ ఊహ కొత్తది కాదు.

మాట ఆగిపోయిన కవి కథ కూడా తెలుగువారికి తెలిసినదే. పోతన గజేంద్రమోక్షం వ్రాస్తూ, వైకుంఠాన్ని వర్ణించవలసిన చోట మాట తోచక గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళాడనీ, ఆయన రూపంలో రాముడే వచ్చి పద్యం పూరించి వెళ్ళాడనీ జనశ్రుతి. తిరిగి వచ్చి ఆశ్చర్యపడిన తండ్రితో కూతురు, “ఇప్పుడే కదా నాన్నా, నువ్వే వచ్చి వ్రాసి వెళ్ళావు!” అంటుంది. భక్తులు కన్నీరు పెట్టుకొనే ఘట్టమే అయినా, నాటకకర్త దృష్టితో చూస్తే ఇది చక్కని హాస్యసన్నివేశం. జరిగినదేమిటో తండ్రికి తెలియదు. కూతురికి తెలిసిందంతా పొరపాటు. ప్రేక్షకుడికి మాత్రం అంతా తెలుసు.

ఓరుగల్లు ప్రాంతపు ఈ కథకు పక్కనే ఉన్న ఖమ్మం సీమలో ఒక విలోమకథ పుట్టింది. అక్కడ వాగ్గేయకారునికి మాట ఆగలేదు. దేవుడికి ఆగిపోయింది.

భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో జన్మించాడు. తల్లిదండ్రులు కామాంబ, లింగన్న. గోల్కొండను 1672 నుంచి 1687 వరకు పాలించిన అబుల్ హసన్ కుతుబ్‌షా కొలువులో అక్కన్న, మాదన్న అధికారం నెరపారు. వారు గోపన్నకు మేనమామలు. తానీషా అన్న పేరుతో జనానికి తెలిసిన ఆ ప్రభువు హయాంలో గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. ఒక పక్క దట్టమైన అడవి, ఒక పక్క గోదావరి. అడవిబిడ్డ పోకల దమ్మక్క భద్రగిరి మీద సీతారామలక్ష్మణుల విగ్రహాలను గుర్తించి, తాటాకు పందిరి వేసి కొలిచిందని స్థలపురాణం చెబుతోంది. ఆ పందిరి ఉన్న చోట గోపన్న గుడి కట్టించాడు. ప్రాకారాలు, మంటపాలు లేచాయి. దేవుళ్ళకు నగలు అమరాయి. ఖర్చయినది మాత్రం సర్కారుకు చేరవలసిన శిస్తు. ఆరు లక్షలని సంప్రదాయం లెక్క చెబుతుంది. ఫలితంగా గోల్కొండ కోటలో పన్నెండేళ్ళ చెరసాల. నేటికీ ఆ కోటలో ‘రామదాసు బందిఖానా’ను చూపుతారు; గోడ మీది దేవతామూర్తులను ఆయనే చెక్కాడని చెబుతారు. ఇక భద్రాచలం, పాల్వంచలు 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి. గోపన్న పుట్టిన ఊరు, ఉద్యోగం చేసిన ఊరు ఇప్పుడు రెండు జిల్లాలవి.

వెలుగు చొరని గది, కొరడా దెబ్బలు, ఎప్పుడు ముగుస్తుందో తెలియని శిక్ష. పాట ఎండిపోవడానికి ఇంతకన్నా కారణాలు అక్కరలేదు. గోపన్న విషయంలో జరిగింది మరొకటి. ఆయన కీర్తనలలో జనం నాలుక మీద నిలిచినవి అనేకం ఆ చెరసాలలోనే పుట్టాయని సంప్రదాయం. వాటిలో కొన్నింటికి ఉన్న గుణం, భక్తిసాహిత్యంలో వెంటనే స్ఫురించనిది, హాస్యం.

‘ఇక్ష్వాకు కులతిలక’ అన్న కీర్తనను గమనించాలి. అది ప్రార్థనగా మొదలై కొద్దిసేపటికే జమాఖర్చుల చిట్టాగా మారుతుంది. ప్రాకారానికి ఇంత, భరతుని పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుని బంగారు మొలత్రాటికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని ఒక్కొక్క పద్దూ చదువుతాడు. నాణెం వరహా కావచ్చు, మొహరీ కావచ్చు; మొత్తం మాత్రం ప్రతిచోటా పదివేలే. తహసీల్దారు పని చేసిన మనిషికి ప్రతి వస్తువూ సరిగ్గా పదివేలకే దొరకదని తెలియకపోదు. లెక్క ఒప్పజెప్పడం ఇక్కడ ఆయన ఉద్దేశం కాదు. ఆ పదివేలు మళ్ళీ మళ్ళీ తాళంలా పడుతుంటే వినేవాడికి నవ్వు వస్తుంది. ఆ నవ్వుతో పాటే, ఈ లెక్కలు చదువుతున్న మనిషి ఎక్కడ ఉండి చదువుతున్నాడో గుర్తుకు వస్తుంది.

చెరసాలలో ఉన్న ఉద్యోగికి ఉద్యోగభాషే మిగిలింది. పద్దు, ఖర్చు, బకాయి అన్న ఆలోచనలే అతని ఊహకు రూపాలయ్యాయి. సాధారణంగా భక్తకవి దేవుని గుణాలను లెక్కిస్తాడు. గోపన్న నగలను లెక్కించాడు. ఆపైన మరొక అడుగు ముందుకు వేసి, వీటిని నీ తండ్రి పెట్టాడా, నీ మామగారు పంపాడా అని రాముణ్ణి నిలదీస్తాడు. ఎవరి సొమ్ము పెట్టుకొని ఇంత కులాసాగా తిరుగుతున్నావని కూడా అడుగుతాడు. ఈ కీర్తనకు ఇదే గుండెకాయ. ‘ఈ సొమ్ము ఎవరిది?’ అన్న ప్రశ్న మొదట గోపన్నది కాదు. అది గోల్కొండ దర్బారు గోపన్నను అడిగిన ప్రశ్న. దానికి జవాబు చెప్పలేకనే ఆయన చెరలో పడ్డాడు. ఆ ప్రశ్ననే ఆయన అక్షరం పొల్లుపోకుండా పైకి, తన యజమానికి, అందించాడు. తనను విచారించిన వారి మాటతో తాను మరొకరిని విచారించాడు. నిందితుడు న్యాయాధికారి వేషం వేయడం హాస్యనాటకానికి ఎంత పాత ఎత్తుగడో రంగస్థలం ఎరిగిన వారికి తెలుసు.

వేషం ఎక్కువసేపు నిలవదు. కీర్తన చివరికి వచ్చేసరికి, తిట్టానని మనసు కష్టపెట్టుకోవద్దనీ, దెబ్బలకు ఓర్వలేక అలా అన్నాననీ రాముణ్ణి బతిమాలుకొంటాడు. అంతవరకు నవ్విన శ్రోతకు గొంతు పట్టుకొంటుంది. హాస్యం కరుణలోకి జారడానికి పట్టిన వ్యవధి ఒక్క చరణం.

ఈ దబాయింపుకు ఎదుటి పాత్ర ఏమంటుంది? ఏమీ అనదు. ‘పలుకే బంగారమాయెనా’ అన్న కీర్తనకు ఆ మౌనమే వస్తువు. ఆనందభైరవి రాగంలో నేడు ఎక్కువగా వినిపించే ఆ పాటలో మాట బంగారమంత అరుదైపోయిందన్న ఆక్షేపణ ఉంది. బంగారం ప్రస్తావన ఊరికే రాలేదు. భక్తుడు దేవుడికి బంగారం పెట్టాడు; దేవుడు భక్తుడికి మాటైనా పెట్టలేదు. ఒకడు ఎడతెగక మాట్లాడుతూ ఉండగా మరొకడు ఉలకక పలకక ఉండడం రంగస్థలం మీద గొప్ప బలమున్న సన్నివేశం. మాట్లాడేవాడు అడుగుతాడు, అలుగుతాడు, తిడతాడు, క్షమాపణ చెప్పుకొంటాడు, ఎదుటివాడు మారడు. మొదట్లో చెప్పుకొన్న పాట రాని స్వరకర్త నాటకాన్ని తిరగవేస్తే వచ్చేది ఇదే. అక్కడ పుట్టని మాట కోసం కర్త వేగిపోతాడు. ఇక్కడ పుట్టిన మాటలన్నీ జవాబు కోసం వేగిపోతాయి.

పెద్దమనిషి దగ్గర పని కానప్పుడు ఇంటి ఇల్లాలి సిఫారసు కోరడం లోకంలో ఉన్నదే. గోపన్న ఆ తోవా వదలలేదు. ‘నను బ్రోవమని చెప్పవే’ అని మొదలయ్యే కీర్తనలో సీతమ్మను ఆశ్రయిస్తాడు. భార్యాభర్తలు ఏకాంతంగా ఉన్నప్పుడు, ఆయన మనసు ప్రసన్నంగా ఉన్న సమయం కనిపెట్టి తన మాట చెప్పమంటాడు. కచేరీల చుట్టూ తిరిగిన మనిషికి మాత్రమే ఇంత చక్కగా తెలిసే మెలకువ అది. శ్రీవైష్ణవ సంప్రదాయంలో అమ్మవారి ‘పురుషకారం’, అంటే జీవుని తరఫున స్వామికి నచ్చజెప్పడం, గంభీరమైన సిద్ధాంతం. దానిని గోపన్న ఇంటి ముచ్చటగా మార్చి పాడాడు. సిద్ధాంతానికి లోపం రాలేదు, ముచ్చటకూ రాలేదు.

ఆలంకారికులు ఈ పద్ధతికి ‘వ్యాజస్తుతి’ అని పేరు పెట్టారు. పైకి నిందగా కనిపిస్తూ లోపల స్తుతిగా, లేదా పైకి స్తుతిగా కనిపిస్తూ లోపల నిందగా ఉండడం దాని లక్షణం. తెలుగు శతకకవులలో కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’లో ఈ దారిని చివరంటా నడిచాడు. అయితే ఆ శతకంలోని నింద తీర్చిదిద్దిన నింద. చమత్కారం కవి చేతిలో కత్తిలా మెరుస్తుంటుంది. గోపన్న నిందలో నైపుణ్యం తక్కువ, అవసరం ఎక్కువ. అలంకారం పేరు చెప్పి దీనిని వివరించడం సులువే గాని, వివరించినంత మాత్రాన కీర్తనలోని నొప్పి చేతికి చిక్కదు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును స్మితం మొదలుకొని అతిహసితం వరకు ఆరు విధాలుగా విభజించాడు. గోపన్న కీర్తన విన్నవారి ముఖాన కనబడేది మొదటి మెట్టులోని స్మితమే. పళ్ళు కనిపించేటంత నవ్వు నవ్వబోతే చివరి చరణం అడ్డుపడుతుంది.

ఇంతటి నాటకీయత ఉన్న జీవితం రంగస్థలానికి ఎక్కకుండా ఉండదు. హరికథకులకు రామదాసు చరిత్ర అభిమాన కథ. చిరతలు పట్టిన ఒక్క దాసుగారే గోపన్న అవుతాడు, తానీషా అవుతాడు, కొరడా పట్టిన భటుడూ అవుతాడు. రాముడి వంతు వచ్చినప్పుడు చిరతలు ఆపి ఒక్క క్షణం ఊరుకొంటే చాలు. పందిరి కింద జనానికి ఆ మౌనం అర్థమవుతుంది. ధర్మవరం గోపాలాచార్యులు ‘రామదాసు’ పేరుతో నాటకం రచించాడు. చలనచిత్రంగా ఈ కథ 1933లోనే వచ్చింది. చిత్తూరు వి. నాగయ్య తానే దర్శకుడై, తానే కథానాయకుడై 1964లో ‘రామదాసు’ను తెర మీదికి తెచ్చాడు. 2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో ‘శ్రీరామదాసు’ వచ్చింది. ఖమ్మం పట్టణంలో నాటకాలకు, సభలకు నెలవైన కళాక్షేత్రం భక్త రామదాసు పేరనే ఉంది.

నాటకసమాజాలు ఈ కథలో హాస్యం కోసం అదనంగా ఒక పాత్రను చేర్చడం కద్దు. నిద్రమత్తు భటుడో, తిండిపోతు ఉద్యోగో వచ్చి రెండు మాటలు చెప్పి నవ్వించి వెళతాడు. ప్రేక్షకులకు ఊరట కావాలి కనుక దానిని తప్పుపట్టనక్కరలేదు. కాని అసలైన హాస్యం కథానాయకుని నోటనే ఉండగా దానిని పక్కపాత్రకు అప్పగించి, గోపన్నను మొదటినుంచి చివరిదాకా కన్నీటి ముద్దగా నిలబెట్టడం ఆయన కీర్తనలకు న్యాయం కాదు. నగల చిట్టాను ఏడుస్తూ పాడే నటుడు ఆ పాటను సగమే పాడినట్టు. మొదట దానిని కచేరీలో గుమాస్తా పద్దు చదివినట్టు, ఏ ఉద్వేగమూ లేకుండా చదవాలి. పదివేలు, మళ్ళీ పదివేలు, మళ్ళీ పదివేలు. అప్పుడే చివరి చరణానికి దెబ్బ ఉంటుంది.

కథలోని ముగింపు సన్నివేశం కూడా హాస్యనాటకపు ముడివిప్పులాగానే ఉంటుంది. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అన్న ఇద్దరు యువకులు తానీషా పడకగదికి వచ్చి, గోపన్న బాకీ ఆరు లక్షలూ రామమాడలుగా కుమ్మరించి, రశీదు పుచ్చుకొన్నారని జనశ్రుతి. పన్నెండేళ్ళు పిలిచిన వాడికి దర్శనం లేదు. పిలవని ప్రభువుకు నిద్రమంచం దగ్గరే దర్శనం దొరికింది. గోపన్నకు దక్కింది తలగడ కింద పెట్టిన రశీదు. జమాఖర్చుల భాషలో తగవులాడిన వాడికి జమాఖర్చుల భాషలోనే జవాబు వచ్చింది. ‘సొమ్ము ఎవరిది?’ అన్న ప్రశ్న తానీషా నుంచి గోపన్నకు, గోపన్న నుంచి రామునికి వెళ్ళి, చివరకు చెల్లింపుగా తానీషా దగ్గరకే తిరిగివచ్చింది.

ఈ చమత్కారం ఒక చిక్కును కప్పివేయకూడదు. శిస్తు ప్రజలు కట్టినది. దానిని ఖజానాకు చేర్చవలసిన అధికారి, ఎంత పవిత్రమైన పనికైనా సరే, అనుమతి లేకుండా ఖర్చు చేస్తే ప్రభువు లెక్క అడగడంలో అన్యాయం లేదు. తానీషాను క్రూరుడిగా మాత్రమే చూపే నాటకం ఈ ధర్మసందేహాన్ని తప్పించుకొంటుంది. జనం మాత్రం అలా తప్పించుకోలేదు. వారి కథలో ఆ బాకీ మాఫీ కాలేదు, పైకంతో సహా తీరింది. దేవుడు మహిమ చూపి చెర తలుపులు తెరిచాడని చెప్పడం కథకులకు కష్టం కాదు; అయినా వారు ఆయన చేత డబ్బు కట్టించారు. తానీషా కూడా ఈ కథలో శాశ్వతశత్రువుగా మిగలలేదు. శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయన కాలంలోనే మొదలయిందని చెబుతారు.

గోపన్న తరువాతి వాగ్గేయకారులకు ఈ చెర ఒక జ్ఞాపకంగా నిలిచింది. త్యాగరాజు ‘క్షీరసాగర శయన’ కీర్తనలో రామదాసు బంధవిముక్తిని స్మరించాడు. తంజావూరు సీమలో కావేరి ఒడ్డున పాడిన వాడికి గోదావరి ఒడ్డు తహసీల్దారు కథ అప్పటికే చేరింది. అచ్చు పుస్తకాల కన్నా ముందు భజనగోష్ఠులు దానిని మోసుకొని వెళ్ళాయి. ఆ గోష్ఠులలో మాట నిలిచినంత గట్టిగా బాణీ నిలవలేదు. గోపన్న ఏ స్వరాలతో పాడాడో ఆనాడు ఎవరూ వ్రాసి పెట్టలేదు కనుక ఒకే కీర్తన ఊరికొక తీరున వినిపిస్తుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన తీరులు ఇటీవలి తరాలకు ప్రమాణమయ్యాయి. వియన్నా రూపకంలో స్వరం ముందు, మాట తరువాత. గోపన్న విషయంలో మాట నిలిచింది, స్వరాన్ని ప్రతి తరమూ మళ్ళీ కూర్చుకొంటోంది.

నాటకాలలో తెర సాధారణంగా గోపన్న విడుదలతో దిగుతుంది. చరిత్రలో ఆ తరువాత మరొక అంకం ఉంది. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించి అబుల్ హసన్‌ను బందీగా తీసుకొనిపోయాడు. గోపన్నను పన్నెండేళ్ళు చెరలో ఉంచాడని చెప్పే ఆ ప్రభువు తన కడపటి పన్నెండేళ్ళూ దౌలతాబాదు కోటలో ఖైదీగా గడిపి, అక్కడే కన్నుమూశాడు.